రెండు ఈలలు వేస్తేనే భోజనం

ఆ వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా మొదట అడిగేది ఒకటే. చివరింటి వరండాలో ఇద్దరు పెద్దమనుషులు ఒకరి వెనక ఒకరు ఎందుకు కూర్చుంటారని. పోట్లాడుకున్నారా అంటే అదీ కాదు. ఇద్దరి ముఖాలూ వీధివైపే ఉంటాయి. ముందు కుర్చీలో లావుపాటి మనిషి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురుగా వచ్చే సైకిళ్ళనీ కుక్కలనీ జాగ్రత్తగా గమనిస్తుంటాడు. వెనక కుర్చీలో సన్నటి మనిషి ఒక పక్కకి ఒరిగి, ఎవరైనా ఎక్కుతారేమో, ఎవరైనా దిగుతారేమో అన్నట్టు గేటు వైపు చూస్తుంటాడు. ముందాయన డ్రైవరు. వెనకాయన కండక్టరు. ఇద్దరూ రిటైరై చాలా కాలమైంది. అక్కడ లేనిదల్లా బస్సే.

ఈ కథ వెనక కుర్చీ మనిషిది.

కండక్టరు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే సెలవు దొరకలేదని చెప్పేవాడు. అది వేళాకోళం కాదు. దొరికిన ఒకటీ అరా సెలవుల్లో కూడా తోచక డిపోకి వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడు. చేరిన రోజు నుంచి దిగిపోయిన రోజు దాకా ఒకే దారి, ఒకే డ్రైవరు. బండ్లు ముసలివై తుక్కు కిందికి పోయాయి గాని డ్రైవరు మారలేదు.

ఇంతా చేసి, ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది లేదు. డ్రైవరు క్యాబిన్లో, అడ్డంగా ఇనుప జాలీ. కండక్టరు వెనక తలుపు దగ్గర. మధ్యలో జనం. చెప్పుకోవలసిందల్లా ఈలతోనే. ఒక ఈల వేస్తే ఆపాలి. రెండు వేస్తే కదలాలి. మూడు వేస్తే బండి నిండిపోయింది, ఇక మధ్యలో ఎక్కడా ఆపొద్దని. ఇంతకు మించి మనిషికీ మనిషికీ మధ్య చెప్పుకోవడానికి ఏముంటుందని కండక్టరు నిజంగానే అనుకునేవాడు. ఈల విని డ్రైవరు బండి కదిలించే తీరులోనే ఆయనకి సంగతులన్నీ తెలిసిపోయేవి. ఈరోజు ఆయనకి తలనొప్పిగా ఉంది. ఈరోజు ఇంట్లో మాటా మాటా వచ్చింది. ఈరోజు కడుపు నిండా తిన్నాడు. డ్రైవరు ముఖాన్ని ఎదురుగా నిలబడి చూసింది లేదు గాని మెడ వెనక పుట్టుమచ్చ ఎక్కడుందో తెలుసు. రిటైరైన రోజు వీడ్కోలు సభలో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే, ఎవరో పై ఆఫీసరనుకుని కండక్టరు వంగి నమస్కారం పెట్టాడు. ఆయన వెనక్కి తిరిగాక గుర్తుపట్టాడు.

ఆ సభలోనే డ్రైవరు భార్య ఈయన సంగతి వాకబు చేసింది. గలగల మాట్లాడే మనిషి, ఒక చోట నిలవదు. "నీకెవరూ లేరటగా. మా పక్కవాటా ఖాళీ అయింది. వచ్చెయ్ మరిదీ" అని ఒక్క మాటలో వరస కలిపేసి, మర్నాడే తాళంచెవి పంపించింది. ఒకే గోడకి అటొక వాటా, ఇటొక వాటా. వెనక రెండు పెరళ్ళు, మధ్యలో నడుమెత్తు గోడ. కండక్టరు వాటా పైన ఒక టీచరమ్మ అద్దెకుండేది.

కండక్టరు ఆ వాటాలో దిగిన రోజు సాయంత్రం వదిన వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఇద్దరికీ టీ ఇచ్చి, ఇక చెప్పుకోండి మీ కబుర్లు అన్నట్టు లోపలికెళ్ళింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డ్రైవరు గొంతు సవరించుకుని, "ఉక్కగా ఉంది" అన్నాడు. కండక్టరు, "అవునన్నా" అన్నాడు. టీ అయిపోయింది. ఖాళీ గ్లాసులు మళ్ళీ మళ్ళీ తాగారు. కండక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఉండబట్టలేక లేచి, తన కుర్చీ ఎత్తుకెళ్ళి డ్రైవరు కుర్చీ వెనక వేసుకుని కూర్చున్నాడు. డ్రైవరు భుజాలు రెండూ ఒక్కసారిగా కిందికి దిగడం ఆయన వెనక నుంచి చూశాడు. ఇద్దరికీ ఊపిరాడింది. ఆ తరువాత చీకటి పడేదాకా హాయిగా ఒక్క మాటా లేకుండా కూర్చున్నారు.

వారం తిరిగేసరికి రెండో సంగతి బయటపడింది. ఒక మధ్యాహ్నం కండక్టరు పెరట్లో టమాటా మొక్కల మీద వాలిన కాకుల్ని తోలడానికి జేబులోంచి ఈల తీసి రెండుసార్లు ఊదాడు. మరుక్షణం వదిన చేతిలో గరిటెతో గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మరిదీ, ఇప్పుడు ఊదింది నువ్వేనా?"

"కాకుల కోసం వదినా. నిద్ర చెడగొట్టానా?"

"నిద్రా నా మొహమా! ఆయన తింటున్నాడయ్యా! వారం రోజులుగా వడ్డించి బతిమాలుతుంటే చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చుని, సిగ్నలు పడ్డట్టు అలా చూస్తూ ఉండిపోతాడు. కూర చల్లారిపోవాలి, నేను అరవాలి, అప్పుడొక ముద్ద. ఇప్పుడు నీ ఈల వినపడిందో లేదో గేరు వేసినట్టు మొదలుపెట్టాడు."

కండక్టరు గోడ మీద నుంచి తొంగిచూశాడు. వంటింటి కిటికీలోంచి డ్రైవరు మెడ, దాని మీద పుట్టుమచ్చ, పైకీ కిందికీ కదులుతున్న దవడ కనిపించాయి. కండక్టరు ఈలని చొక్కాకి తుడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రేపు కూడా ఇదే వేళకి ఊదు" అంది వదిన. "నీ వంట సంగతి నేను చూసుకుంటా."

"నా వంట నేనే వండుకుంటాను వదినా. ఈల మాత్రం వేస్తాను. అది డ్యూటీ."

అలా మొదలైంది. భోజనానికి రెండు ఈలలు. స్నానానికి లేవడానికి రెండు, చాలించడానికి ఒకటి. సాయంత్రం వీధి చివర దాకా నడకకి రెండు. ఒకసారి కండక్టరు కూర మాడుతోందని లోపలికి వెళ్ళి, స్నానానికి ఆపే ఈల వెయ్యడం మర్చిపోయాడు. డ్రైవరు నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. టాంకీ ఖాళీ అయింది. పైవాటా టీచరమ్మ తల నిండా నురగతో మెట్లు దిగొచ్చి, "బాబాయ్ గారూ, కాస్త ఆయన్ని ఆపించండి" అని వేడుకుంది. ఆ తరువాత కండక్టరు ఎక్కడికీ కదల్లేదు. తెలిసినవాళ్ళు ఇంటికి ఫలహారానికి పిలిచినా, "నేనొస్తే ఇక్కడ మనిషి కదలడు" అని చెప్పి మానేసేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు విసుగు నటించేవాడు గాని, ముఖం వెలిగిపోయేది.

ఖాళీ దొరికినప్పుడల్లా తోటపని. పెరటి మధ్యలో నడవడానికి దారి వదిలి, ఒక పక్క రెండేసి, ఒక పక్క మూడేసి మొక్కలు నాటాడు. దారిలోకి ఒరిగిన వంగమొక్కని చూస్తే ఊరుకునేవాడు కాదు. "ఏమండీ, ఇంత చోటుండగా దారిలో నిలబడితే ఎలా? లోపలికి జరగండి" అని కర్ర పాతి కట్టేసేవాడు. గుమ్మడికాయ కాస్త బరువెక్కగానే తీగతో సహా రేకుల షెడ్డు మీదికి ఎక్కించేవాడు. లగేజీ ఎప్పుడూ పైనే. కలుపు మొక్కల్ని మాత్రం పీకేవాడు కాదు, దించేవాడు. "టికెట్టు లేకుండా ఎక్కావు. తప్పు కదూ? దిగు" అని మెల్లగా వేళ్ళతో సహా తీసి గోడ అవతల పెట్టేవాడు. అటువైపు వదిన పెరడు. అక్కడ కలుపు ఏపుగా పెరిగేది.

"ఏం మరిదీ, మా పెరడేమన్నా నీకు టెర్మినస్సా?" అని వదిన కేకలేసేది.

"అక్కడ చోటుంది కదా వదినా."

"నీ తలకాయలో ఉంది చోటు!" అంటూనే చిక్కుడుకాయలు కోసి, గోడ మీద పెట్టి వెళ్ళేది.

ఆయన రోజులు ఇలా గడిచిపోతుంటే, పైవాటా టీచరమ్మ ప్రెషర్ కుక్కరు కొన్నది.

ఆ రోజు మధ్యాహ్నం వదిన, "వడ్డించాను మరిదీ" అని కేకేసింది. కండక్టరు చేతుల మట్టి దులుపుకుని, గోడ దగ్గరికి వచ్చి, ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇంతలో పైనుంచి ఒక ఈల. వెంటనే ఇంకొకటి. కిటికీలో డ్రైవరు చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది. ముద్ద నోట్లోకి వెళ్ళింది. ఆయన తింటున్నాడు.

కండక్టరు ఈల నోట్లోంచి తియ్యలేదు. ఊదనూ లేదు. పీల్చుకున్న ఊపిరి ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

ఆ రోజంతా ఆయన్ని ఒకటే ప్రశ్న తినేసింది. డ్రైవరు ఇన్నేళ్ళూ కదిలింది తన ఈలకా, లేక ఏ ఈలకైనానా? ఏ ఈలకైనా కదిలేట్టయితే, వెనక తలుపు దగ్గర తానున్నా, ఒక కుక్కరుని కట్టేసినా ఒకటే. తన సర్వీసు మొత్తం ఒక కుక్కరు చెయ్యగలిగిన పని. ఈ మాట అనుకునేసరికి తన వంటింట్లో ఉడుకుతున్న బంగాళదుంపల్ని చూడటానికి కూడా ఆయనకి మొహం చెల్లలేదు.

సాయంత్రం మెట్లెక్కి టీచరమ్మ తలుపు తట్టాడు. ఆవిడ పరీక్ష కాగితాలు దిద్దుతోంది.

"అమ్మాయ్, ఆ కుక్కరు ఎన్ని ఈలలకి కట్టేస్తావు?"

"అన్నానికి రెండు బాబాయ్ గారూ. ఏం, శబ్దం ఎక్కువగా ఉందా?"

"శబ్దం బాగానే ఉంది." ఆయన కాసేపు గుమ్మం గొళ్ళెంతో ఆడుకున్నాడు. "కాస్త గట్టిగానే, స్పష్టంగా... బాగానే వేస్తోంది. ఒకటికే కట్టెయ్యకూడదూ?"

"బియ్యం బియ్యంలాగే ఉంటాయి."

"పోనీ మూడు?"

"ముద్దయిపోతుంది."

"మూడైతే ఇంకా ప్రమాదంలే" అని ఆయనే తల ఊపుకున్నాడు. "ఎన్నేళ్ళు పనిచేస్తాయమ్మా ఇవి?"

"వాషరు మారుస్తూ ఉంటే ఎన్నాళ్ళైనా పనిచేస్తాయట."

దానికి రిటైర్మెంటు కూడా లేదన్నమాట. కండక్టరు మెట్లు దిగి, ఈల తీసి చక్కెర డబ్బాలో పడేసి, మూత బిగించాడు.

మర్నాడు వదిన, "వడ్డించాను మరిదీ" అంది. గోడ దగ్గరికి వచ్చి చూస్తే కండక్టరు వెనక్కి తిరిగి వంకాయలు లెక్క పెడుతున్నట్టు నటిస్తున్నాడు.

"ఏమయ్యా, చెవుడొచ్చిందా?"

"పైనుంచి వస్తుందిలే వదినా ఈల. నాకంటే బాగా వేస్తుంది."

"ఓయబ్బో! కుక్కరు మీద అలిగావా? ఇదెక్కడి చోద్యమయ్యా! లోకంలో సవతి మీద అలిగినవాళ్ళని చూశాను గాని..."

"నేనెందుకు అలుగుతాను? ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చు."

"మూతి చూడు, జానెడు ముడుచుకుని!"

వదిన పంతం గల మనిషి. ఆ సాయంత్రమే బజారుకి వెళ్ళి, టీచరమ్మ దానికంటే పెద్ద కుక్కరు ఒకటి కొనుక్కొచ్చింది. "నువ్వు ఊదకపోతే నా సంసారం ఆగిపోతుందనుకున్నావా?" అని గోడ మీద నుంచి దాన్ని ఎత్తి చూపించింది.

ఆగలేదు. డ్రైవరు కుక్కరు కూత మీద లేచాడు, కుక్కరు కూత మీద స్నానం చేశాడు, కుక్కరు కూత మీద నడకకి వెళ్ళొచ్చాడు. అయితే ఖాళీ కుక్కరు పొయ్యి మీద పెడితే మాడిపోతుంది. అందులో ఏదో ఒకటి ఉడకాలి. డ్రైవరు ఒక్కసారి కదలాలంటే గిన్నెడు బఠాణీలు ఉడకాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన చాలాసార్లు కదిలే మనిషి. ఇల్లంతా బఠాణీలయ్యాయి. బక్కెట్లో బఠాణీలు, పూలకుండీ కింద పళ్ళెంలో బఠాణీలు. వదిన గిన్నెలకెత్తి వీధిలో పంచడం మొదలుపెట్టింది. మొదట్లో అందరూ సంతోషంగా తీసుకున్నారు. తరువాత తరువాత, గిన్నె పట్టుకుని ఆవిడ వస్తుంటే ఎదురింటి దర్జీ మిషన్ వదిలేసి తలుపేసుకునేవాడు.

"పిన్నిగారూ, ఇవి డ్రైవరు బాబాయి గారు పళ్ళు తోముకున్న బఠాణీలా, స్నానం చేసిన బఠాణీలా?" అని టీచరమ్మ అడిగింది.

"స్నానానివి ఇవి. కాస్త మెత్తగా ఉంటాయి. ఆయన ఆలస్యంగా లేచాడు."

కండక్టరుకి కూడా రోజూ ఒక గిన్నె గోడ మీద పెట్టేది. పుండు మీద కారం చల్లినట్టుండేది ఆయనకి. డ్రైవరు తన ప్రమేయం లేకుండా కదిలాడనడానికి గిన్నెడు సాక్ష్యం. అయినా పారెయ్యడానికి చేతులు రాక, ఉల్లిపాయ వేయించి, అందులో వేసి తినేవాడు. వరండాలో వెనక కుర్చీలో కూర్చోవడం మానేశాడు. ముందు కుర్చీలో డ్రైవరు ఒక్కడే కూర్చునేవాడు. అప్పుడప్పుడు మెడ కాస్త తిప్పి వెనక్కి చూసి, మళ్ళీ ముందుకి చూసేవాడు. కండక్టరు కిటికీ రెక్క సందులోంచి ఆ మెడని చూసి, అద్దం లేదు కదా పాపం, చూసుకోవడం కష్టం అనుకునేవాడు. అంతలోనే, కుక్కరుని కూర్చోపెట్టుకో నీ వెనకాల, అనుకుని రెక్క వేసేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆయన మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. వదిన వంటింట్లో కుక్కరు ఒక కూత కూసింది. అది ఇంకా చల్లారకుండానే పైన టీచరమ్మ కుక్కరు ఒకటి కూసింది. వెంటనే కింద ఇంకొకటి.

వీధి తలుపు చప్పుడైంది. ఆ వెంటనే వదిన కేక.

"మరిదీ! మూడు! మూడు పడ్డాయి! ఆయన వెళ్ళిపోతున్నాడు!"

మూడంటే బండి నిండిపోయింది, ఇక ఎక్కడా ఆపొద్దని. కండక్టరు చెంబు వదిలేసి వీధిలోకి పరుగెత్తాడు. డ్రైవరు అప్పటికే దర్జీ ఇల్లు దాటాడు. రోడ్డుకి ఎడమ పక్కగా, ఒకే వేగంతో, చేతులు ఛాతీ ముందు కొద్దిగా పైకెత్తి నడుస్తున్నాడు.

"ఏమండీ! ఎక్కడికండీ!" వదిన గేటు పట్టుకుని అరిచింది. "మరిదీ, అలా గుడ్లప్పగించి చూస్తావేం? ఆపు! ఆ మనిషి ఊళ్ళు దాటిపోతాడు!"

"ఈల లోపలుంది."

"అయితే తీసుకురావయ్యా మహానుభావా!"

కండక్టరు చక్కెర డబ్బా మూత తియ్యబోతే రాలేదు. డబ్బాతో సహా వీధిలోకి వచ్చి, పళ్ళతో లాగి తీశాడు. చక్కెర కాళ్ళ మీద ఒలికింది. ఈల దులిపి నోట్లో పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఒక్కటి ఊదాడు. తియ్యగా, బారుగా వెళ్ళింది ఆ ఈల.

దర్జీ మిషన్ ఆగింది. ఇస్త్రీ మనిషి పెట్టె గాల్లో ఆపాడు. సైకిల్ మీద పోతున్న పాలవాడు కాలు నేలకానించాడు. గోడ మీద నడుస్తున్న పిల్లి కూడా ఆగి చూసింది. వీధిలో ఆగనిది ఒక్క డ్రైవరే. వీధి కుళాయి దగ్గర ఉన్నాడప్పుడు. ఆయన నడక ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

కండక్టరు మళ్ళీ ఊదాడు. డ్రైవరు కుడి చెయ్యి బయటికి చాపి, మలుపు తిరిగి కనపడకుండా పోయాడు.

వీధంతా కండక్టరు వైపు చూసింది. ఆయనకి భూమి చీలితే బాగుండుననిపించింది. కుక్కరు వేస్తే కదిలాడు. తాను వేస్తే ఆగలేదు. ఇక తెలుసుకోవలసింది ఏం మిగిలింది? వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుందామనుకున్నాడు. కాళ్ళు మాత్రం ముందుకే పరుగెత్తాయి. వెనక తలుపు తప్పిపోయినవాడు బండి వెంట ఎలా పరుగెత్తుతాడో అలా, ఒక చెయ్యి గాల్లో చాపి పరుగెత్తాడు. చక్కెర కోసం చీమలు ఆయన చెప్పుల్లోకి ఎక్కేశాయి.

పెద్ద రోడ్డు మీద బస్టాపు ఉంది. అక్కడ గట్టు మీద ఇద్దరు ముగ్గురు బస్సు కోసం కూర్చునున్నారు. స్టాపు స్తంభానికి సరిగ్గా పక్కన, ఒక అంగుళం అటూ ఇటూ కాకుండా, డ్రైవరు ఆగి నిలబడి ఉన్నాడు.

కండక్టరు ఆయాసపడుతూ వచ్చి స్తంభం పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి డ్రైవరుని అడగాలనిపించింది. మొదటిసారి కాబట్టి ఎలా అడగాలో తెలియలేదు.

"ఎందుకాగలేదన్నా?"

డ్రైవరు వింతగా చూశాడు. "ఆగాను కదయ్యా."

"ఇక్కడ కాదు. అక్కడ. కుళాయి దగ్గర. ఈల వేశాను కదా. రెండుసార్లు వేశాను."

"అది నువ్వా?"

"నా ఈల నీకు తెలీదా?" కండక్టరు స్తంభం వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "ముప్పై ఏళ్ళు విన్నావు."

"నువ్వనుకోలేదు. కుళాయి దగ్గర స్టాపెక్కడుంది?" డ్రైవరు ఎంతో ఓపికగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "ముప్పై ఏళ్ళలో స్టాపు లేనిచోట నువ్వొక్కసారి ఈల వేశావా? నాకు జ్వరంగా ఉన్న రోజున కూడా వెయ్యలేదు. ఎవరో తుంటరి పిల్లాడు అచ్చం నీలాగే వేస్తున్నాడనుకున్నా. ఆపితే తప్పు కదా."

కండక్టరు కాలి వేళ్ళ మధ్య చీమ కుట్టింది. ఆయనకి తెలియలేదు.

"మరి కుక్కరు?" అన్నాడు చివరికి.

"ఏ కుక్కరు?"

"ఆ రోజు టీచరమ్మ కుక్కరు వేస్తే తిన్నావు. నేను నోట్లో పెట్టుకుని నిలబడే ఉన్నాను."

"అది కుక్కరని నాకు తెలీదా?"

"తెలిసీ తిన్నావా?"

"ఆకలేసింది."

కండక్టరు ఈ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా పగులు కనిపించలేదు. "అంటే, ఆకలేస్తే ఈల లేకుండా తింటావా?"

"ఎవరైనా తింటారు."

"స్నానం?"

"అదీ చేస్తా."

"మరి రోజూ పళ్ళెం ముందు అలా ఎందుకు కూర్చుంటావన్నా? కూర చల్లారిపోయేదాకా!"

ఇంత పొడుగు సంభాషణ డ్రైవరుకీ అలవాటు లేదు. నుదుటి మీద చెమట తుడుచుకుని, "నువ్వు వేస్తావు కదా" అన్నాడు.

జేబులోంచి సంచీ తీసి దులిపాడు. "సరే, నేను బస్సెక్కి దుకాణానికి వెళ్ళాలి. పొద్దెక్కితే మూసేస్తారు."

"ఏం దుకాణం?"

"ఈలల దుకాణం. నీది పాడైపోయిందిగా. నెలరోజులుగా వెయ్యట్లేదు. చెప్పుకోలేక కూర్చోవడం కూడా మానేశావని మీ వదినతో అన్నాను. ఆవిడకి కుక్కరు చప్పుళ్ళో వినపడలేదు."

కుక్కరు మీద అలిగానని చెప్పడానికి కండక్టరుకి నోరు రాలేదు. బస్టాపులో అంతమంది ఉన్నారు. ఆయన ఈలని అరచేతిలో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాడు.

"లోపల గింజ ఇరుక్కుందన్నా" అన్నాడు.

"ఇప్పుడొచ్చిందా?"

"వచ్చింది."

"అయితే దుకాణం అక్కర్లేదు" అని డ్రైవరు సంచీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు ఛాతీ ముందుకి వచ్చాయి. కదల్లేదు. మెడ మీద పుట్టుమచ్చ ఎండలో మెరుస్తోంది.

కండక్టరు ఆయన వెనక తన చోట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. దిగేవాళ్ళు లేరు. చొక్కా సర్దుకుని, ఈల నోట్లో పెట్టుకుని, రెండుసార్లు ఊదాడు. చివర్లో కొంచెం చక్కెర నోట్లోకి వచ్చింది.

డ్రైవరు కదిలాడు. గట్టు మీద కూర్చున్న ఒక ముసలమ్మ ఈల వినగానే ఆకుకూరల గంప చంకనేసుకుని గబగబా లేచి వాళ్ళ వెంట నాలుగడుగులు వేసింది.

"నాయనా, ఇది మార్కెట్టుకి పోతుందా?"

"పోదమ్మా, ఇంటికి పోతుంది" అన్నాడు కండక్టరు, తలుపు దగ్గర కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి. "వెనకాల ఇంకోటి వస్తోంది. అదెక్కండి."